బర్గర్‌కి పొలంలో పెంచిన బీఫా, షాపు ఖీమానా?

మేం ఉండేది అమెరికాలో, కాన్సాస్‌లో. మావారి కొలీగ్ ఒకాయన తన పొలంలో ఏటా రెండు మూడు పశువుల్ని సొంతానికి పెంచుకుంటాడు. పోయిన అక్టోబరులో ఒకదాంట్లో పావు వాటా మేం తీసుకున్నాం. దాదాపు గడ్డి మీదే పెరిగిన పశువు.

కోసే చోట 14 రోజులు చల్లగదిలో వేలాడదీశారు. మా వాటా 180 పౌండ్లు తూగింది. ఎముకలూ పైకొవ్వూ పోగా ఇంటికొచ్చింది 115 పౌండ్లు, అందులో సగం దాకా ఖీమానే. ఏ భాగం ఎలా కోయాలి, ఖీమాలో కొవ్వెంత ఉండాలి అని ముందే ఒక ఫారం నింపమంటారు. ఒంటికి మంచిది కదా అని కొవ్వు బాగా తక్కువ అని రాశాను. అక్కడే తప్పు చేశాను.

మొదటి ఆదివారం చేయి అలవాటు కొద్దీ ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లంవెల్లుల్లి, ఉప్పు వేసి ఖీమాని గట్టిగా పిసికి గంట పక్కన పెట్టాను. పెనం మీద ప్యాటీలు (బర్గర్‌లో పెట్టే మాంసం బిళ్ళలు) ముడుచుకుని బంతుల్లా ఉబ్బాయి. కొరికితే గట్టి కబాబులా, పొడిగా ఉన్నాయి. మా అబ్బాయి సగం తిని, "షాపుదే బాగుంటుందమ్మా" అన్నాడు. మనసు చివుక్కుమంది. ఆ పశువుని మేం చూశాం, వీపు నిమిరాం. దాని మాంసాన్ని ఇలా పాడుచేశానే అని రాత్రంతా అదే ఆలోచన.

షాపు ప్యాకెట్ తీసి చూస్తే 20 శాతం కొవ్వు అని ఉంది. మాదాంట్లో 10 శాతం దాకానే. ఇక పోలికెక్కడిది? ఉప్పు ముందే కలిపితే మాంసం జిగురులా పట్టుకుంటుందని కూడా అప్పుడే తెలుసుకున్నాను. కబాబుకి అదే కావాలి, బర్గర్‌కి అదే చేటు.

మా వాటాతో కొవ్వు కూడా అడిగి తెచ్చుకోవడం కలిసొచ్చింది. మొదట కిడ్నీ చుట్టూ ఉండే గట్టి కొవ్వు కలిపాను. నోట్లో మైనంలా అంటుకుంది. తర్వాత బ్రిస్కెట్ (రొమ్ము భాగం) మీది కొవ్వు సగం గడ్డకట్టించి, ముక్కలు కోసి, రెండు పౌండ్ల ఖీమాకి 140 గ్రాములు వేసి మెషీన్‌లో ఆడించాను. ఈసారి కుదిరింది.

ఇక మా ఖీమా, షాపు ఖీమా రెండూ 150 గ్రాముల చొప్పున వదులుగా ఒత్తి, మధ్యలో బొటనవేలితో నొక్కి, పెనం మీద వేసే ముందే పైన ఉప్పు చల్లాను. మన పశువే కదా అని లోపల పచ్చిగా వదల్లేదు. ఆడించినప్పుడు పైనున్న క్రిములు లోపలికీ చేరతాయి, అందుకని థర్మామీటర్ గుచ్చి రెండింటినీ 71 డిగ్రీల సెల్సియస్ దాకా కాల్చాను.

షాపుది మెత్తగా, రసంగా ఉంది, కానీ మాంసం రుచి పలచన. మాదాని కొవ్వు పసుపు. పెనం మీద కరుగుతుంటేనే వాసన వేరు, కాస్త పచ్చగడ్డిలా, కాస్త లివర్‌లా. మింగాక కూడా రుచి నాలుక మీద నిలిచింది. నాకూ అబ్బాయికీ అదే నచ్చింది. మావారికి మాత్రం ఆ వాసన ఘాటనిపించి షాపు ప్యాటీయే తిన్నారు, అదీ నిజమే చెప్పాలి.

ఈ ఏడాది ఫారం మొన్న వచ్చింది. ఖీమాలో కొవ్వు 20 శాతం అని రాసి, బ్రిస్కెట్ కొవ్వు విడిగా కట్టి ఇమ్మన్నాను.