అసలెంతో చూడకుండా వడ్డీ లెక్కేశాను

గ్రూప్-2 ప్రిపరేషన్‌లో నన్ను ఎక్కువ ఏడిపించింది జనాభా లెక్కలే. అశోక్‌నగర్ హాస్టల్ గదిలో దశాబ్ద వృద్ధి రేట్లన్నీ, అంటే పదేళ్లలో దేశ జనాభా ఎంత శాతం పెరిగిందో, బట్టీ పట్టాను. 1981-91లో 23.87 శాతం, 1991-2001లో 21.54, 2001-11లో 17.7. నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని.

ఒక మాక్ టెస్టులో 1981-91, 1991-2001లలో ఏ దశాబ్దంలో దేశంలో ఎక్కువ మంది పెరిగారు అని వచ్చింది. 23.87 పెద్దది కదా, క్షణం ఆలోచించకుండా మొదటిది పెట్టేశాను. తప్పు. కీ తప్పేమో అనుకున్నాను కూడా!

ఆ రాత్రి అమ్మ ఫోన్ చేస్తే ఊరికే చెప్పాను. అమ్మ ఊళ్లో చిన్న చిన్న అప్పులిస్తుంటుంది. "రెండు రూపాయల వడ్డీకి యాభై వేలిస్తే నెలకు వెయ్యి. రూపాయిన్నరకి లక్షిస్తే పదిహేను వందలు. వడ్డీ తగ్గితే చేతికొచ్చేది తగ్గాలని ఎక్కడుందే? అసలెంతో చూడవా?" అంది.

పుస్తకం తీసి అసలు, అంటే జనాభా ఎంతో చూశాను. 1981లో 68.33 కోట్లు, 1991లో 84.64 కోట్లు, అంటే పెరిగింది 16.31 కోట్లు. 2001కి 102.87 కోట్లు, అంటే పెరిగింది 18.23 కోట్లు. రేటు రెండు పాయింట్లకు పైగా పడిపోయింది, కానీ జనం దాదాపు రెండు కోట్లు ఎక్కువే చేరారు. 2001-11లో రేటు ఇంకో నాలుగు పాయింట్ల దాకా దిగినా చేరింది మళ్లీ 18.2 కోట్ల దగ్గరే. ఇన్నాళ్లూ నేను బట్టీ పట్టింది వడ్డీ మాత్రమే.

అంతటితో కుదుటపడ్డానా అంటే లేదు. ఇంకో టెస్టులో 1991-2001 రేటు కట్టమన్నారు. 18.23ని 102.87తో భాగించాను, 17.7 వచ్చింది. ఆప్షన్లలో 17.7 ఉంది! ధీమాగా పెట్టాను. అది తర్వాతి దశాబ్దం రేటు. భాగించాల్సింది మొదటి జనాభాతో, అంటే 84.64తో. ప్రశ్న తయారుచేసినవాళ్లు మాలాంటి వాళ్లని బాగానే చదివారు.

ఏడాది రేటు దగ్గర మాత్రం పెద్దగా తడబడలేదు. 21.54ని పదితో భాగిస్తే 2.15 వస్తుంది కానీ అది బారువడ్డీ లెక్క. జనాభా చక్రవడ్డీలా పెరుగుతుంది, కాబట్టి ఏడాదికి దాదాపు 1.97 శాతమే.

ఇప్పుడు జనాభా ప్రశ్న కనిపిస్తే ముందు రఫ్ పేపర్ మీద నిలువుగా గీత గీస్తాను. ఎడమవైపు "అసలు", కుడివైపు "వడ్డీ". ప్రశ్నలో "ఎంతమంది" అని ఉంటే కుడివైపు చూడను. మొన్న పక్క సీటమ్మాయి నా కాగితం చూసి, "అక్కా, నువ్వు బ్యాంకు పరీక్షకి కూడా చదువుతున్నావా?" అంది.