నిండిందా? లేదా?

మా ఉద్యోగాల సైటులో ప్రకటన వేసిన బట్టల షాపాయనకి వాట్సాప్‌లో ప్రశ్న పంపాను. చూశాడు, జవాబు లేదు. సాయంత్రం నుంచి రెండు నీలం టిక్కులు అలానే ఉన్నాయి. ‘సేల్స్‌మేన్ కావలెను’ ప్రకటన ఇంకా నడవాలా? 1 కొడితే ఖాళీ ఉన్నట్టు, 2 కొడితే నిండినట్టు. ఒక్క అంకె కొట్టడానికి ఆయనకి తీరిక లేదు. అక్కకి చెబితే “నీ సైటు, నీ ఖర్మ” అని పడుకుంది.

గుణుపూర్ నర్సింగ్‌హోమ్‌కి ఇవాళ నర్సు దొరికింది. సంతోషమే. కానీ బుర్రంతా ఈ షాపు మీదే ఉంది.

పోయిన రథయాత్ర రోజుల్లో కాశీనగర్ కుర్రాడొకడు బస్సెక్కి పర్లాకిమిడి వచ్చి, షాపు గుమ్మంలోంచే ఫోన్ చేశాడు. “ఏటన్నా ఇది, ఖాళీ ఉందని ఎట్టీసి, వస్తే మనిషి దొరికిపోనాడంతన్నారు!” ఛార్జీలు పోయాయి, ఆ పూట కూలీ పోయింది. పెద్దగా తిట్టలేదు. మళ్ళీ లాగిన్ కాలేదు, అంతే. ఊళ్ళో ఒకడికి ఇలా అయితే ఆ ఊరి వాట్సాప్ గ్రూపు మొత్తానికి మన సైటు చచ్చినట్టే. ప్రకటనలు వందలున్నాయని గొప్ప చెప్పుకోవడం కాదు, అందులో బతికున్నవెన్నో చూడాలి.

గూగుల్‌తో ఇంకో తంటా. ఉద్యోగాల వెతుకులాటలో కనబడాలంటే పేజీలో జాబ్‌పోస్టింగ్ మార్కప్, అంటే ఇది ఉద్యోగ ప్రకటన అని గూగుల్‌కి చెప్పే కోడ్, ఉండాలి. అందులో ఉద్యోగం పేరు, వివరణ, ప్రకటన తేదీ, సంస్థ, చోటు తప్పనిసరి. గడువు ఉంటే వ్యాలిడ్‌త్రూ అనే గడిలో ఆ తేదీ కూడా వేయాలి. నిండిన ఉద్యోగం పేజీకి ‘ఈ పేజీ ఇక లేదు’ అని చెప్పే 410 కోడ్ ఇవ్వాలి, లేదా మార్కప్ పీకేయాలి. ఆ వెంటనే పేజీ మారిందని గూగుల్‌కి చెప్పే ఇండెక్సింగ్ ఏపీఐతో కబురు పెట్టాలి, మామూలు కోటా రోజుకి 200 కబుర్లు. పెట్టకపోతే పేజీలు చూసుకుంటూ తిరిగే వాళ్ళ బాట్‌కి వీలైనప్పుడే తెలుస్తుంది. ఈలోగా జనం ఫోన్లు చేస్తూనే ఉంటారు. పాత ప్రకటనలు మార్కప్‌తో అలా వదిలేస్తే గూగుల్ చర్య తీసుకుని మన ఉద్యోగాలు చూపించడమే మానేయొచ్చు.

చోటు దగ్గరా జాగ్రత్త. పర్లాకిమిడి ఒడిశా, పాతపట్నం పక్కనే ఉన్నా ఆంధ్ర. పర్లాకిమిడిని ఒక్కొక్కరు ఒక్కో స్పెల్లింగు రాస్తారు. అందుకే ఊరి పేరు టైపు చేయనివ్వకుండా పిన్‌కోడ్ అడగాలి. 7తో మొదలైతే మన ఒడిశా వైపు, 5 అయితే అవతలి ఆంధ్ర వైపు.

ఇక షాపులకి కొత్త రూలు: ప్రకటన వేసిన ఏడో రోజు ప్రశ్న, పదో రోజుకీ జవాబు లేకపోతే ప్రకటన మాయం, మళ్ళీ వేయాలంటే డబ్బులు... ఇంతవరకూ టైపు చేశాక అనుమానమొచ్చింది. బట్టల షాపుల్లో కుర్రాళ్ళు నెల తిరక్కుండానే సూరత్ బండెక్కేస్తారు. ఆయన జవాబివ్వనిది బద్ధకంతో కాదేమో! ఇవాళ నిండినా పైనెల మళ్ళీ ఖాళీయే, ప్రకటన తీసేస్తే ఆయనకే నష్టం. అలాంటాయనకి జరిమానా వేస్తే నిజం చెప్పడం ఇంకా మానేస్తాడు.

కాబట్టి మూడో అంకె కావాలి. 3 కొడితే ‘ఇప్పుడు ఖాళీ లేదు, పేర్లు రాసుకుంటాం’. ఆ పేజీ ఉంటుంది, మార్కప్ ఉండదు, షాపు ఫోన్ నంబరూ కనబడదు. పేరూ ఊరూ మన దగ్గరే పడతాయి, ఖాళీ రాగానే షాపుకి పంపుతాం. జవాబివ్వని వాళ్ళ ప్రకటన మాత్రం పదో రోజున మాయం, డబ్బుల మాట లేదు. అవతలివాళ్ళు మెసేజ్ పెట్టి 24 గంటలు దాటితే వాట్సాప్ నడిపే మెటా ముందే ఒప్పుకున్న టెంప్లేటే (అచ్చు మెసేజే) పంపాలి కాబట్టి, కొత్తది రేపే దాఖలు చేయాలి. తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి. ఒడియాది అక్కే చూడాలి, లేపితే ఊరుకోదు.