డిగ్రీ ఫస్టియర్‌లో ఏ ల్యాబ్ తీసుకోవాల?

మా చిన్నాయన కూతురు ఇంటర్ బైపీసీ అయిపోయి కర్నూల్లో డిగ్రీకి అప్లై చేస్తా ఉంది. నిన్న రాత్రి ఫోన్ చేసి "అక్కా, దేనికి ల్యాబ్ ఈజీగా ఉంటాది?" అని అడిగింది. 2023-24 నుంచి సింగిల్ మేజర్, అంటే ఒక్క సబ్జెక్టే ముఖ్యంగా చదివే పద్ధతి, వచ్చినాక ఇది ఇంకా పెద్ద ప్రశ్న, మేజర్ ఒకసారి తీసుకున్నామంటే ఆ ల్యాబ్‌తోనే ఏండ్ల తరబడి కాపురం. సీనియర్లేమో "అది తీసుకో, మార్కులు ఊరికే వేస్తారు" అంటారు, నాకూ అట్లనే చెప్పినారు. నేను మాత్రం పాపకు ఒకటే చెప్పినా, ల్యాబ్ పని ల్యాబ్‌లోనే అయిపోతాదా లేకుంటే నీ వెంట ఇంటిదాకా వస్తాదా అది చూడు అని. ఎందుకంటే పాప రోజూ కోడుమూరు నుంచి బస్సులో వచ్చిపోవాల, ఇంటికి చేరేసరికే చీకటి పడతాది.

మైక్రోబయాలజీ మీద చాలా ఆశగా ఉంది. సబ్జెక్ట్ మంచిదే, కానీ ఈరోజు ప్లేట్‌లో బ్యాక్టీరియా వేస్తే 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో దాదాపు 24 గంటలు పెట్టి మరుసటి రోజు వచ్చి చూడాల. హాస్టల్లో ఉండే పిల్లలకు అది లెక్కే కాదు, బస్సు పిల్లలకే కష్టం. జువాలజీ అంటే కప్పను కోయాలేమో అని భయపడింది, ఆ భయం అక్కర్లేదు, డిసెక్షన్లు ఆపేయమని యూజీసీ 2014లోనే చెప్పింది. బొమ్మలు మాత్రం బాగా గీయాల, రికార్డ్ అంతా ఇంట్లోనే.

నాది కెమిస్ట్రీ. పర్మాంగనేట్‌తో ఆక్సాలిక్ యాసిడ్ టైట్రేషన్, అంటే ఒకటి చుక్కచుక్కగా ఇంకోదాంట్లో వేసి కొలిచేది, చేసేటప్పుడు ఫ్లాస్క్‌ని 60, 70 డిగ్రీల దాకా వేడి చేస్తాం, మొదటి చుక్క పడినాక ఆ గులాబీ రంగు ఎంతసేపటికీ పోదు, ఎండ్ పాయింట్, అంటే రియాక్షన్ పూర్తయ్యే చోటు, వచ్చేసిందనే అనిపిస్తాది. కాదు, ఊపుతా ఉండాల. ఆ రియాక్షన్‌లో పుట్టే మాంగనీస్ అయానే తర్వాత దాన్ని వేగంగా నడిపిస్తాది, అప్పుడు చుక్క పడీపడంగానే రంగు పోతాది. ఈ ముక్క నాకు ఎవరూ చెప్పలే, మొదటి రోజు తొలి చుక్కకే రీడింగ్ రాసుకొని అంతా మళ్లీ మొదట్నుంచి చేసినా, ఏడుపొచ్చింది. అయినా సరే రీడింగులు ఒకదానికొకటి సరిపోయినాయంటే లెక్క అక్కడే, సంతకం అక్కడే. సాల్ట్ అనాలిసిస్, అంటే ఇచ్చిన ఉప్పులో ఏముందో కనుక్కునేది, అదొక్కటే సతాయిస్తాది, అది ఏ గ్రూప్‌దో తప్పు పట్టుకున్నామంటే ఆ పూట పోయినట్టే.

బాటనీ నా ఫ్రెండ్‌ది. లేత పొద్దుతిరుగుడు కాడను ఆలుగడ్డ ముక్కల మధ్య పెట్టి, బ్లేడ్ తడిపి, సన్నగా కోసుకుంటా పోవాల, నీళ్లలో తేలే ముక్కల్లోంచి అన్నిటికంటే పలచంది బ్రష్‌తో తీసి సాఫ్రనిన్ అనే ఎర్ర రంగు వేస్తే మైక్రోస్కోప్ కింద నాళాల కట్టలు ఎర్రగా వరసగా కనిపిస్తాయి. ఓపిక ఉన్న చేతికి దానంత హాయి ఇంకోటి లేదు.

మా పాపకు ఓపిక చిన్నప్పట్నుంచీ ఉంది, పెళ్లిళ్లకు మల్లెపూలు కట్టేది తనే. అందుకే బాటనీ మేజర్, కెమిస్ట్రీ మైనర్ పెట్టుకోమని చెప్పినా, బాటనీలోనూ రికార్డ్ బొమ్మలు ఉంటాయి కాబట్టి ఏ వారానివి ఆ వారమే ఆదివారం పొద్దున గీసేసుకోమన్నా. చిన్నాయన్ని అడిగి చెప్తా అనింది, రేపు మళ్లీ ఫోన్ చేస్తాది.