ఫెర్రిటిన్ 62

నాకు క్రోన్స్ ఉంది, పేగులో వాపు, పుండ్లు వచ్చే దీర్ఘకాలిక జబ్బు. పొద్దున రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. హిమోగ్లోబిన్ తగ్గింది, జింక్ కూడా తక్కువే. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ మాత్రం 62. ల్యాబ్ కాగితం ప్రకారం అది నార్మల్. మరి నాలుగు మెట్లెక్కితే ఈ ఆయాసం ఏమిటని డాక్టరుగారిని అడిగాను.

"ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్, అంటే వాపు ఉంటే ఫెర్రిటిన్ దానంతటదే పెరుగుతుందమ్మా. క్రోన్స్ తిరగబెట్టినప్పుడు 100 లోపు ఉన్నా ఐరన్ లోటు ఉండొచ్చు" అన్నారు. ఈసారి ఐరన్ మాత్రలు వద్దు, నరంలోకి ఎక్కిద్దామన్నారు. ఇన్‌ఫ్లమేషన్ ఉన్నప్పుడు కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా వదులుతుందట. దాంతో పేగులోంచి రక్తంలోకి ఐరన్ వెళ్ళే దారి మూసుకుపోతుంది. మింగిన ఐరన్ లవణం చాలావరకు పేగులోనే మిగిలిపోయి, అసలే పుండు పడ్డ చోటును ఇంకా రేపొచ్చు. మాత్ర వేసుకున్నప్పుడల్లా కడుపులో ఎందుకు తిప్పేదో ఇప్పుడు కొంత అర్థమైంది.

మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. "ఖనిజ లవణాలతో పేగు జబ్బు నయమవుతుందటే, చదివాను. ఆ ఘాటు మందులన్నీ ఎందుకు నీకు?" అంది. నా గురించి దానికి ఎంత బెంగో ఆ గొంతులోనే తెలుస్తుంది.

"అందులో కొంత నిజముందక్కా" అన్నాను. విరేచనాలతో జింక్, మెగ్నీషియం, పొటాషియం అన్నీ పోతాయి. పేగు గోడలో కణానికీ కణానికీ మధ్య బిగువు ఉండాలంటే జింక్ కావాలి. 2001లో ఇటలీ వైద్యులు, జబ్బు అణిగి ఉన్న 12 మంది క్రోన్స్ రోగులకు 8 వారాలు జింక్ సల్ఫేట్ ఇస్తే పేగు గోడ లీకేజీ తగ్గింది. నాకు ఆశ కలిగించే విషయమే. కానీ 12 మందితో చేసిన పరీక్షను నమ్ముకుని మందులు మానేయలేను. లీకేజీ తగ్గడం వేరు, జబ్బు తగ్గడం వేరు.

పేగులో వాపు ఎంతుందో తెలుసుకోవడానికి మా క్రోన్స్ రోగుల మలపరీక్షలో చూసే కాల్‌ప్రొటెక్టిన్ ఉంది చూడండి, అది తెల్ల రక్తకణాల్లోని ప్రొటీన్. సూక్ష్మజీవులకు అందకుండా జింక్‌నూ మాంగనీస్‌నూ పట్టేసుకోవడం దాని పని. పేగులో జరిగే పోరాటమే ఖనిజాల కోసం అన్నమాట! అందుకే ఈ లవణాల సంగతి నాకు పుకారులా అనిపించదు. డాక్టర్లు కూడా మందుల మీద పెట్టే శ్రద్ధలో కొంతైనా వీటి మీద పెట్టాలని గట్టిగా కోరుకుంటాను. నా జింక్ తక్కువని ఇంత ఆలస్యంగా తెలియాల్సింది కాదు.

అలాగని ఇష్టమొచ్చినట్టు మింగేవీ కావు. జింక్ ఎక్కువకాలం ఎక్కువైతే రాగి తగ్గిపోతుంది. మెగ్నీషియం లవణాలు విరేచనాలను పెంచుతాయి.

అక్క అంతా విని, "అయితే మందులు మానకు. ఐరన్ ఎక్కించే రోజు నేనొస్తాను" అంది. జింక్ ఎంత డోసు, ఎన్నాళ్ళు, రాగి పరీక్ష ఎప్పుడు అని అడగాల్సినవి ఫైలు అట్ట మీద రాసి పెట్టాను.