బెజవాడ దాటి ఇంకో డెబ్బై కిలోమీటర్లు: నల్గొండ నుంచి బందరుకు రెండు రోజులు

నకిరేకల్ దగ్గర హైవే ఎక్కితే బోర్డులన్నీ విజయవాడ అనే చెబుతాయి. మనోళ్లు కూడా అక్కడిదాకే పోయి, అమ్మవారి దర్శనం చేసుకుని, బ్యారేజీ మీద ఫొటో దిగి వెనక్కి తిరుగుతారు. పూణెలో మొదలైన ఈ 65వ నంబరు జాతీయ రహదారి మాత్రం బెజవాడలో ఆగదు, మచిలీపట్నం, అదే బందరు, పోయి సముద్రం పక్కన ఆగుతుంది. గోల్కొండ సుల్తానుల కాలంలో వాళ్ల పెద్ద ఓడరేవు అదే. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిన వజ్రాలకు, ఊరూరా నేసిన బట్టకు గోల్కొండకూ బందరుకూ మధ్య ఉన్న బాటే ఆధారం. ఆ బాట మన నల్గొండ నేల మీదుగానే పోయేది. ఫార్సీలో బందర్ అంటే రేవు, ఊరి పేరే అది.

ఇంకో మాట ముందే. బందరు విహారానికి కట్టిన ఊరు కాదు. విశాఖ లాంటి బీచ్ రోడ్డు, గోవా లాంటి ఇసుక మనసులో పెట్టుకుని పోతే ఉసూరుమంటారు. అది పనిచేసే ఊరు, జిల్లా కేంద్రం. చేతిపని చూడటానికి, పాత రాళ్ల మధ్య తిరగటానికి, తినటానికి పోవాలి. సముద్రం ఆ తర్వాతే.

పోవటానికి డిసెంబర్ నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. సంక్రాంతి వారం వద్దు, హైవే మీదే పండుగ గడిచిపోతుంది. దసరా నవరాత్రుల్లో విజయవాడలో బండ్లను దారి మళ్లిస్తారు, అప్పుడూ వద్దు. అక్టోబర్, నవంబర్ తుఫానుల నెలలు. 1864 నవంబర్ 1 రాత్రి ఉప్పెన ముప్పై వేల మందిని పొట్టన పెట్టుకున్నది ఈ ఊళ్లోనే. 1977 నవంబర్ 19న దివిసీమను ముంచింది కూడా ఈ పక్కనే. ఆ రెండు నెలల్లో బయలుదేరే ముందు వాతావరణ శాఖ హెచ్చరిక చూడకుండా కారు తీయొద్దు. కార్తీక పౌర్ణమికి మంగినపూడిలో సముద్ర స్నానాలకు జనం విరగబడతారు. తిరునాళ్ల ఇష్టమైతే పోండి, లేకపోతే ఆ రోజు వదిలేయండి.

నల్గొండ నుంచి బందరు సుమారు 260 కిలోమీటర్లు, ఆగుతూ పోతే ఐదున్నర గంటలు. నకిరేకల్ మీదుగా పోతే కొర్లపహాడ్, చిల్లకల్లు, కీసర టోల్‌గేట్లు వస్తాయి, విజయవాడ దాటాక దావులూరు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ మీదుగా కోదాడలో హైవే ఎక్కితే కొర్లపహాడ్ తప్పుతుంది కానీ ఊళ్లెక్కువ, తెల్లారకముందు ఆ దారి హాయి కాదు. మహబూబ్‌నగర్ వాళ్లు హైదరాబాద్ పోవాల్సిన పనే లేదు. జడ్చర్ల, కల్వకుర్తి, మల్లేపల్లి, హాలియా, మిర్యాలగూడ మీదుగా 167వ నంబరు రహదారి నేరుగా కోదాడలో కలుస్తుంది. మొత్తం 400 కిలోమీటర్ల పైచిలుకు అవుతుంది కాబట్టి పాలమూరు నుంచి శుక్రవారం సాయంత్రమే కదిలి కోదాడలోనో విజయవాడలోనో పడుకోవటం మేలు.

దారిలో అసలు చిక్కు విజయవాడే. కనకదుర్గ ఫ్లైఓవర్ వచ్చాక గుడి దగ్గర రద్దీ తగ్గింది కానీ బెంజ్ సర్కిల్ నుంచి పటమట, పోరంకి, పెనమలూరు దాటేదాకా ఊరు తెగదు. ఉదయం ఎనిమిదిన్నరకు అక్కడ చిక్కితే పది కిలోమీటర్లకు ముప్పావు గంట పోతుంది. నల్గొండలో నాలుగింటికి కదిలితే ఏడున్నర లోపు ఆ ముక్క దాటొచ్చు. టిఫిన్ కంకిపాడులోనో ఉయ్యూరులోనో చేయండి, బెజవాడలో ఆగితే లెక్క తప్పుతుంది.

బస్సులో పోయేవాళ్లు విజయవాడ పండిట్ నెహ్రూ బస్టాండ్‌లో దిగి అక్కడే బందరు బస్సెక్కాలి, వరసగా ఉంటాయి. ఆడవాళ్లకు మన ఎక్స్‌ప్రెస్‌లో జీరో టికెట్ రాష్ట్ర సరిహద్దు వరకే, ఆపైన చార్జీ కట్టాలి. ఆంధ్రలో ఉచితం అక్కడి చిరునామా ఉన్న ఆడవాళ్లకే. రైలు సంగతికొస్తే, సికింద్రాబాద్ నుంచి బందరుకు పోయే బండ్లు కాజీపేట మీదుగా పోతాయి, నల్గొండ తగలవు. గుంటూరు లైన్‌లో విజయవాడ చేరి అక్కడ బండి మారాలి.

శనివారం ఊళ్లోకి పోకుండా ముందు పెడన పోండి. బందరుకు పది కిలోమీటర్లు. కలంకారీ అచ్చు పని జరిగేది అక్కడే. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, ఇక్కడ టేకు చెక్క అచ్చులతో అద్దుతారు. ఈ పనికి ఎండ, పారే నీళ్లు రెండూ కావాలి. ముసురు పట్టిందా, చూడటానికి ఏమీ ఉండదు. పనివాళ్లను అడిగి లోపలికి పోవాలి, అద్దే బల్లకు అడ్డం నిలబడొద్దు.

అక్కడ చూసేది అర్థం కావాలంటే వరస తెలియాలి. ముడి నూలుగుడ్డలో గంజి, జిడ్డు పోయేదాకా ఉతికి, కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. కరక్కాయలోని వగరు రంగును పట్టుకుంటుంది. పాలలోని కొవ్వు అద్దిన రంగు పక్కకు పాకకుండా ఆపుతుంది. పాలు తక్కువైతే గీత అంచులు ఈకల్లా చెదురుతాయి. తర్వాత నల్ల గీత. తుప్పు పట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో రెండు మూడు వారాలు పులియబెడితే ఒక కషాయం దిగుతుంది. అద్దేటప్పుడు అది లేత గోధుమరంగే, కరక్కాయ తగిలిన గుడ్డ మీద పడగానే నల్లబడుతుంది. ఈ ఒక్క క్షణం చూడటానికే పెడన పోవచ్చు. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లు అద్దుతారు. పటికకు రంగు లేదు కాబట్టి, అద్దింది కనపడటానికి అందులో కొంచెం ఏదో రంగు కలుపుకుంటారు. ఒకటి రెండు రోజులు ఆరనిచ్చి కాలువలో ఉతుకుతారు. నీళ్లు పారుతూనే ఉండాలి, తొట్టిలో జాడిస్తే ఊడిన పటిక వేరే చోట అంటుకుని అక్కడా ఎరుపు మరకలేస్తుంది. చివరికి పెద్ద రాగి గంగాళంలో జాజి ఆకుతో కలిపి ఉడకబెడతారు, అప్పుడు పటిక ఉన్నచోటంతా ఎర్రబడుతుంది. ఒకప్పుడు ఈ ఎరుపు చిరివేరు అనే మొక్క వేరుది, ఇప్పుడు ఎక్కువగా అలిజరిన్ అనే రసాయన రంగుది. మన పుట్టపాక తేలియా రుమాలు ఎరుపు వెనకున్న రసాయనం కూడా ఇదే, కాకపోతే అక్కడ నూలుకు ముందే నూనె పట్టించి రంగేస్తారు, ఇక్కడ నేసిన గుడ్డకు. పసుపు, నీలం ఆ తర్వాత.

కొనేటప్పుడు మోసపోవద్దంటే బట్టను పూర్తిగా పరిచి చూడాలి. చేత్తో అద్దిన దాంట్లో అచ్చు అచ్చును కలిసే చోట వెంట్రుకవాసి తేడా ఉంటుంది, ఒక పువ్వు కాస్త ముదురు, ఒకటి లేత. ఎక్కడా తేడా లేకుండా మిల్లు బట్టలా ఉంటే స్క్రీన్ ప్రింటు. అది తప్పేమీ కాదు, ధర మాత్రం దాని ధరే ఇవ్వాలి. గుడ్డ తిప్పి చూస్తే అసలుదానికి వెనకవైపు కూడా రంగు దిగి ఉంటుంది. తడి తెల్ల గుడ్డతో రుద్ది చూడనివ్వని కొట్లో కొనకండి. ఇంటికొచ్చాక కుంకుడు రసం, చల్లనీళ్లు, నీడన ఆరేయటం. నిమ్మరసం, చింతపండు నీళ్లు మీద పడకుండా చూసుకోవాలి. పులుపు తగిలితే ఇనుముతో వచ్చిన నలుపు కరిగి అక్కడ పాలిపోయిన మచ్చ మిగులుతుంది. సబ్బు తప్పని ఊరికే తిట్టేవాళ్లలో సగం మంది పులిహోర మరక గుర్తు చేసుకోరు.

మధ్యాహ్నం భోజనమయ్యాక ఎండ వాలుతుండగా బందరుకోట. కోట అంటే గోల్కొండ ఊహించుకోవద్దు, కొన్ని పాత కట్టడాలు, మొండి గోడలు మిగిలాయంతే. అయినా అక్కడ నిలబడితేనే ఈ ఊరి కథ తెలుస్తుంది. కోటకూ ఊరికీ మధ్య బురదనేల. ఇక్కడి తీరం లోతు లేనిది, పెద్ద ఓడలు దూరంగా సముద్రంలోనే లంగరేసేవి, సరుకంతా పడవల్లో మోసేవాళ్లు. అంత కష్టమున్నా డచ్చివాళ్లు 1605 ప్రాంతంలో వచ్చారు, ఇంగ్లీషువాళ్లు 1611లో, తర్వాత ఫ్రెంచివాళ్లు. బట్ట అంత గొప్పది మరి. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ ఈ కోటను ఫ్రెంచివాళ్ల చేతిలోంచి లాక్కున్నాక, నిజాం సలాబత్ జంగ్ చుట్టుపక్కల సీమను ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చాడు. మద్రాసు పెరగటం, ఉప్పెన, ఇసుక మేట కలిసి బందరును పడుకోబెట్టాయి. కొత్త పోర్టు పనులు 2023లో మొదలయ్యాయి, అటు లారీలు ఎక్కువ, చీకటి పడ్డాక తిరగొద్దు. ఊళ్లో డచ్చి సమాధులు పురావస్తు శాఖ కింద ఉన్నాయి. రాళ్ల మీద చెక్కిన కుటుంబ చిహ్నాలు దగ్గరగా చూడండి, వేళ్లతో మాత్రం గీకొద్దు.

ఆంధ్ర జాతీయ కళాశాల వెలిసిన ఊరు, భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టిన ఊరు ఇదేనన్న సంగతి దారిలో పిల్లలకు చెప్పొచ్చు. సాయంత్రం చిలకలపూడి పాండురంగస్వామి గుడి. రోల్డ్ గోల్డ్ నగల కొట్లు కూడా అటే. చెమట, సెంటు తగిలితే పూత త్వరగా పోతుంది, విప్పాక పొడి గుడ్డతో తుడిచి గాలి చొరని డబ్బాలో పెట్టాలి, అంతే జాగ్రత్త.

ఆదివారం ఐదింటికే మంగినపూడి. ఊరికి పదీ పదకొండు కిలోమీటర్లు. తూర్పు తీరం కాబట్టి ఇక్కడ చూడాల్సింది సూర్యోదయం, సాయంత్రం పోతే సూర్యుడు మీ వెనక మునుగుతాడు. నేల నల్లటి ఒండ్రు, నీళ్లు మట్టిరంగు. లేత రంగు బట్టలేసుకుంటే ఆ మరక వదలదు. లోతు మెల్లగా పెరుగుతుంది, అదే ప్రమాదం. మోకాలి లోతే కదా అని చాలా దూరం నడిచిపోతారు, పోటు ఎక్కాక తిరిగి రావటానికి ఆ దూరమంతా బురదలో కాళ్లీడ్చాలి. చెరువులో, కాలువలో ఈత నేర్చినవాళ్లకు అల వెనక్కి లాగే తీరు తెలియదు. మొలలోతు దాటొద్దు. కడుక్కోవటానికి ఒక క్యాన్ నీళ్లు కారులో ఉంచుకోండి, తాగే నీళ్లు కూడా. మనకు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎట్లనో ఇక్కడివాళ్లకు ఉప్పు అట్ల. ఇద్దరికీ దిక్కు చివరికి కృష్ణే.

తిరిగొస్తూ గిలకలదిండి హార్బర్‌లో చేపలు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధం, అప్పుడు పోతే తాజా సముద్రపు చేప తక్కువ. మొప్పలు ఎర్రగా, కన్ను ఉబ్బుగా, వేలితో నొక్కితే గుంట నిలవకుండా ఉండాలి. ఇంటికి తేవాలంటే పేగులు అక్కడే తీయించి, థర్మోకోల్ పెట్టెలో ఎంత చేపకు అంత ఐసు, అడుగున ఒక పొర, పైన ఒక పొర. పెట్టె అడుగు మూలన చిన్న చిల్లు పెట్టి కింద తట్ట ఉంచండి. కరిగిన నీళ్లలో ఐదు గంటలు నానిన చేప నల్గొండ చేరేసరికి మెత్తబడిపోతుంది.

బందరు లడ్డు 2017లో భౌగోళిక గుర్తింపు పొందింది. శనగపిండి పూసను నేతిలో వేయించి, దంచి, జల్లించి, బెల్లం పాకంలో కలిపి, నెయ్యి పోస్తూ రోట్లో మళ్లీ దంచుతారు, అందుకే తొక్కుడు లడ్డు అంటారు. పాకం ముదిరితే రాయి, లేతదైతే ఉండ నిలవదు, త్వరగా బూజు పడుతుంది. విరిస్తే సన్నని రవ్వలా రాలాలి, పంటికి అంటకుండా కరగాలి. వేడి తగ్గని లడ్డును డబ్బాలో కుక్కించుకోవద్దు, ఆవిరి పట్టి పాడవుతుంది. గోధుమ పాలతో చేసే హల్వా కూడా అడగండి, అది చాలామందికి తెలియదు.

పదకొండుకల్లా కదిలితే పామర్రు దగ్గర పక్కకు తిరిగి కూచిపూడి చూడొచ్చు, లేదా ఘంటసాల బౌద్ధ స్తూపం. రెండూ పెట్టుకుంటే చీకటి పడుతుంది, ఒక్కటే ఎంచుకోండి. ఇంటికి చేరాక కారు అడుగుభాగం మంచినీళ్లతో కడిగించాలి, ఉప్పు బురద సైలెన్సర్‌ను తింటుంది. ఆదివారం సాయంత్రం హైదరాబాద్ పోయే బండ్లు పంతంగి టోల్‌గేట్ దగ్గర బారులు తీరుతాయి. మనకు ఆ బాధ లేదు, నకిరేకల్ దగ్గరే ఎడమకు తిరిగిపోతాం.