పురానాపూల్ నుంచి కార్వాన్ దాకా

ఇవాళ కార్వాన్‌లో పెద్దమ్మ వాళ్లింటికి వెళ్లే పని పడింది. ఆటోని పురానాపూల్ దర్వాజా దగ్గరే ఆపించి, అక్కడి నుంచి నడిచాను. ఈ దారిని తీరిగ్గా చూడాలని ఎన్నాళ్లుగానో కోరిక.

మూసీ మీద ఈ పురానాపూల్ వంతెనను గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కులీ కుతుబ్ షా 1578లో కట్టించాడు. హైదరాబాదుకు పునాది పడింది 1591లో. అంటే ఊరు పుట్టకముందే ఊళ్లోకి దారి ఉంది! తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. రాకుమారుడు మహమ్మద్ కులీ పొంగే ఏరు దాటి ప్రియురాలు భాగమతి కోసం వెళ్తుంటే, తండ్రి బెంగపడి వంతెన వేయించాడని కథ. కానీ వంతెన పూర్తయ్యేసరికి ఆ పిల్లాడికి 12, 13 ఏళ్లు. గోల్కొండ కోటకు వచ్చే సరుకు, బళ్లు, జనం నది దాటాలి కదా, ఆ అవసరమే కట్టించి ఉంటుందని నా నమ్మకం. 1908 సెప్టెంబరు వరద ఊరిని ఊడ్చేసినా ఇది నిలబడింది.

వంతెన మీద ఇప్పుడు కూరగాయల అంగడి. తడి గోనెపట్టా మీద కొత్తిమీర కట్టలు నిలువుగా పేర్చి, ఒకామె చేత్తో నీళ్లు చిలకరిస్తోంది. వీపు నాలుగు వందల ఏళ్ల నాటి గోడకు ఆనించి ఉంది. "పాలకూర తీస్కపో బిడ్డా" అంటే తీసుకున్నాను.

17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచ్ వజ్రాల వర్తకుడు టావెర్నియర్ ఈ వంతెనను పారిస్ వంతెనతో పోల్చాడు. నాకు అంతకన్నా నచ్చేది ఆయన రాసిన ఇంకో సంగతి. వర్తకులు, దళారులు, పనివాళ్లు నదికి ఇవతలి పేటలో కాపురం ఉండి, పొద్దున పది, పదకొండింటికి పట్నంలోకి వెళ్లి, సాయంత్రం నాలుగైదింటికి ఇళ్లకు మళ్లేవారట. రాజుల పేర్లు బడిలోనే చదివాం. ఈ రాకపోకల గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు.

కార్వాన్‌లో టోలీ మసీదు దగ్గర కాసేపు ఆగాను. 1671 నాటిది. మక్కా మసీదు పనులు చూసిన మూసాఖాన్, ఖర్చయ్యే ప్రతి రూపాయికీ తనకు దక్కిన దమ్మిడీని కూడబెట్టి దీన్ని కట్టించాడని చెబుతారు. గచ్చుతో తీర్చిన ఆ లతలూ పూలూ చూస్తే మెడ నొప్పి తెలియదు.

పాలకూర చేతికిస్తూ పెద్దమ్మకు టావెర్నియర్ సంగతి చెప్పాను. "మీ పెద్దనాయన గూడ గంతే కదరా. పొద్దుగాల పదింటికి గదే తొవ్వల చార్మినార్ కాడికి పోయెటోడు. తిరిగొచ్చేసరికి రాత్రి తొమ్మిదయ్యేది" అంది. ఆయన ఏ గల్లీలోంచి వెళ్లేవాడో, వంతెన మీద ఎవరితో ఆగి మాట్లాడేవాడో అడుగుతూ కూర్చున్నాను. గుర్తున్నంతవరకూ చెప్పింది. రేపు తీరిగ్గా అవన్నీ విడిగా రాసుకోవాలి.