ఖాళీ డబ్బాకు రెండో ఉద్యోగం

అమెరికాలో స్థిరపడిన తెలుగువారి ఇంట్లో ఫ్రీజరు తెరిచి ఐస్‌క్రీం డబ్బా చేతిలోకి తీసుకున్నవారు, అందులో ఐస్‌క్రీమే ఉంటుందని నమ్మడానికి వీల్లేదు. చింతపండు గుజ్జో, తురిమిన కొబ్బరో, మొన్నటి పండుగకు మిగిలిన పూర్ణమో ఉండే అవకాశమే ఎక్కువ. పచ్చడి సీసాలో ఆవాలు, పెరుగు డబ్బాలో ఇడ్లీ పిండి, నీలం రంగు డేనిష్ బిస్కట్ల డబ్బాలో సూదీ దారం, గుండీలు ఉంటాయి. ఈ చివరి అలవాటు మన ఒక్కరి సొత్తు కాదు. కొరియా నుంచి వచ్చిన స్నేహితురాలి ఇంట్లోనూ, మెక్సికో నుంచి వచ్చిన మరొక స్నేహితురాలి ఇంట్లోనూ అదే డబ్బాలో అవే గుండీలు చూసి మా అమ్మాయి తెల్లబోయింది. మా అమ్మ తరం వారు ఈ పనిని ఒక కళ అనుకోలేదు, ఆదర్శమనీ అనుకోలేదు. డబ్బా గట్టిగా ఉంది, మూత బిగుతుగా పడుతోంది, కాబట్టి పారవేయరు, అంతే.

మా పిల్లలకు ఇదే పని బడిలో వేరే వేషంలో ఎదురైంది. కిండర్‌గార్టెన్‌లో చేరిన కొద్ది రోజులకే టిష్యూ చుట్టల లోపలి అట్టగొట్టాలు, గుడ్ల అట్టలు, చెప్పుల పెట్టెలు దాచి పంపమని చీటీలు రావడం మొదలైంది. కొన్ని బడులవారు గుడ్డు పడని పిల్లలుంటారన్న జాగ్రత్తతో గుడ్ల అట్టలు వద్దంటారు. అక్కడి నుంచి ఏడాది పొడుగునా ఏదో ఒకటి ఉంటూనే ఉంటుంది. బడి తెరిచిన నూరవ రోజున 100 వస్తువులు అతికించిన చొక్కా తొడుక్కుని వెళ్లాలి. ఫిబ్రవరి 14న తోటి పిల్లలిచ్చే కార్డులు వేయించుకోవడానికి చెప్పుల పెట్టెను అలంకరించి, మూతకు చీలిక పెట్టి తీసుకువెళ్లాలి. ఏప్రిల్ 22న, అంటే 1970 నుంచి ఇక్కడ జరుగుతున్న ధరిత్రీ దినోత్సవం నాడు, చెత్తబుట్టకు పోవలసిన దానితో ఏదైనా చేసి చూపించాలి. చేసిన ప్రతిదానికీ చప్పట్లు ఉంటాయి. ఇంట్లో అమ్మమ్మ సీసా కడిగి ఆరబెడితే మాత్రం ఎవరూ చప్పట్లు కొట్టరు.

ఈ రెండు పద్ధతులూ పైకి ఒకటిగా కనిపిస్తాయి కాని, వాటి గమ్యాలు వేరు. ఇంట్లో తిరిగి వాడిన వస్తువు అందంగా ఉండనక్కరలేదు, పనికి రావాలి. బడిలో చేసిన వస్తువు పనికి రానక్కరలేదు, ముద్దుగా ఉండాలి. అట్టగొట్టంతో చేసిన గుడ్లగూబ కొన్నాళ్లు ఫ్రిజ్ మీద కూర్చుని, ఏ శనివారమో ఇల్లు సర్దుతున్నప్పుడు, మొదట తప్పించుకున్న చెత్తబుట్టలోకే వెళ్తుంది. పైగా దానికి అతికించిన మెరుపు పొడి వల్ల ఇప్పుడు ఆ అట్టను రీసైకిల్ చేయడం కూడా కుదరదు. పాత సామానుతో బొమ్మ చేయడానికి కొత్తగా జిగురు తుపాకీ, రంగు రాళ్లు, ఆడించే కళ్లు కొనుక్కురావడంలోని తమాషా మా అబ్బాయికి ఎనిమిదేళ్లకే అర్థమైంది. అందుకని మా ఇంట్లో ఒక నియమం ఏర్పడింది. ఎవరికైనా కానుకగా ఇచ్చేది పాత వస్తువులతో చేయవచ్చు, వంకరగా ఉండవచ్చు, నవ్వు తెప్పించవచ్చు. కాని పుచ్చుకున్నవారి ఇంట్లో దానికి చేయడానికి ఒక పని ఉండాలి.

నియమం పెట్టుకున్నంత తేలికగా కానుకల వ్యవహారం నడవదు. మన పద్ధతిలో ఇచ్చేది కొత్తదై ఉండాలి. వాడిన వస్తువును బంధువుల చేతిలో పెట్టడం వారిని చిన్నబుచ్చినట్టే లెక్క. పాత చీరలు బొంతలకు, మసిగుడ్డలకు పోగా మిగిలినవి స్టీలు సామాన్లవాడికి వెళ్లేవి తప్ప, కాగితంలో చుట్టి ఎవరికీ ఇచ్చేవి కావు. ఇక్కడి పద్ధతిలో పిల్లలు చేత్తో చేసినదానికి దుకాణంలో కొన్నదానికంటే ఎక్కువ గౌరవం ఉంది. 1914లో మాతృ దినోత్సవాన్ని జాతీయ దినంగా ప్రకటింపజేయడానికి పాటుపడిన ఆనా జార్విస్, తరువాతి కాలంలో అచ్చు కార్డులమ్మే వర్తకుల మీదే యుద్ధం ప్రకటించారంటే ఆ భావన ఎంత బలమైనదో ఊహించవచ్చు. చాలా బడుల్లో ఉపాధ్యాయులు ఖరీదైన కానుకలు పుచ్చుకోకూడదన్న నిబంధన కూడా ఉంటుంది కనుక, మే నెల మొదట్లో వచ్చే ఉపాధ్యాయుల వారంలో చేతిపని వస్తువులకు అడ్డు చెప్పేవారుండరు. మరి తాతయ్య షష్టిపూర్తికి? అక్కడ పాత టై కత్తిరించి కుట్టిన కళ్లజోడు సంచి ఒక్కటే పట్టుకుని వెళ్తే పెద్దవాళ్లు నవ్వుతూనే తీసుకుంటారు గాని, మన వెనుక వేరే మాట అనుకుంటారు. కనుక పట్టుబట్టలు పట్టుబట్టలే, కళ్లజోడు సంచి కళ్లజోడు సంచే. పిల్లలు చేసినది పద్ధతి ప్రకారం ఇవ్వవలసినదానికి బదులు కాదు, దానికి తోడు. ఏ ఇంట ఏది చెల్లుతుందో తెలుసుకోవడం కూడా పిల్లలు నేర్చుకోవలసినదే. దీన్ని కపటమని అనేవారితో నేను ఏకీభవించను.

అయితే కొత్తదే ఇవ్వాలన్న మన పట్టుదలకు ఒక పెద్ద మినహాయింపు ఉంది: జాకెట్టు ముక్క. పేరంటంలో తాంబూలంతో వచ్చి, విప్పకుండానే బీరువాలో నిద్రపోయి, మరో పేరంటంలో మరొకరికి తాంబూలంతో వెళ్లిపోయే ఆ ముప్పావు మీటరు గుడ్డ, ఒక్కొక్కసారి ఊరంతా తిరిగి ఇచ్చినవారి ఇంటికే వచ్చి చేరుతుంది. ప్రవాసంలో ఈ ప్రయాణానికి ఇళ్లు తక్కువ, వ్రతాలు ఎక్కువ, కుట్టేవారు లేరు, అందుచేత గుట్టలు పేరుకుంటాయి. మా అమ్మాయి ఆ గుట్టను గత క్రిస్మస్ సెలవులలో బయటికి లాగి, కానుకల మీద రంగు కాగితానికి బదులు జాకెట్టు ముక్కలు చుట్టి, నాలుగు కొసలూ పైన ముడి వేయడం మొదలుపెట్టింది. ముడిలో ఒక దాల్చినచెక్క గుచ్చుతుంది. దాని స్నేహితులు ఆ గుడ్డలను జుట్టుకు కట్టుకుంటున్నారు, బల్ల మీద పరుచుకుంటున్నారు, మళ్లీ వేరే కానుకలకు చుడుతున్నారు. నా దృష్టిలో ఇది జాకెట్టు ముక్క చరిత్రలో తొలిసారి అది నిజంగా వాడుకలోకి రావడం.

అన్నింటికంటే ఎక్కువగా చెప్పవలసింది మెంతి బుట్టల గురించి. మా అమ్మ వేసవికి వచ్చినప్పుడు, మా అబ్బాయి బడిలో గాలిబుడగ మీద కాగితపు పేలికలు అతికించి చేసిన ముసుగు గోడకు వేలాడుతోంది. అప్పటికే దాని చెవి ఒకటి ఊడింది. అమ్మ దాన్ని వేలితో తట్టి చూసి, “ఇందులో మెంతులు పడలేదురా,” అన్నది. వాడికి అది వంటకు సంబంధించిన మాటలా వినిపించి నవ్వాడు. మన పల్లెల్లో వెదురు చేటలకు, తట్టలకు సందులు పూడేలా కాగితపు గుజ్జూ మెంతిపిండీ కలిపి అలికేవారు. ఆ గుజ్జుతోనే విడిగా బుట్టలూ చేసేవారు. ఆ పని తెలిసిన చేతులు మా ఇంట్లో ఉండగా, బడిలో దానికే పేపియే మాషే అని ఫ్రెంచి పేరు పెట్టి నేర్పుతున్నారు.

మరునాడే పని మొదలైంది. వార్తాపత్రిక కాగితమే కావాలి. నున్నగా మెరిసే ప్రకటనల కాగితం నానదు, నానినా గుజ్జు కాదు. చించిన కాగితాలను రెండు రోజులు నీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండి, రాత్రంతా నానిన మెంతులతో కలిపి రుబ్బాలి. వెనకటి రోజుల్లో రోట్లో దంచేవారు. ఇక్కడ ఒక పాత మిక్సీ జారును ఈ పనికే వదులుకోవలసి వచ్చింది, ఎందుకంటే ఆ చేదు తరువాత ఏ చట్నీలోనైనా తేలుతుంది. స్టీలు గిన్నెను బోర్లించి, తడి గుడ్డ కప్పి, దాని మీద ఈ ముద్దను అరవేలి మందాన సమంగా అద్దాలి. అంచు దగ్గర పలుచనైతే విరుగుతుంది, అడుగున మందమైతే లోపల ఆరక బూజు పడుతుంది. ఎండలో పైభాగం ఆరాక గిన్నె నుంచి ఊడదీసి, లోపలి వైపు కూడా ఎండనివ్వాలి. మా ప్రాంతపు పొడి ఎండలో ఇది సులువుగానే అయింది. శీతాకాలంలో హీటరు గాలి వచ్చే జాలీ దగ్గర పెట్టి చేసినప్పుడు మాత్రం ఒక బుట్ట వంకర తిరిగింది. దాన్ని తాళం చెవులకు వాడుతున్నాము. ఆరిన బుట్టలో ఉల్లిపాయలు, వెల్లుల్లి, గుండీలు, ఏదైనా పొడి సరుకు వేసుకోవచ్చు. తడి తగిలితే మళ్లీ గుజ్జే.

మెంతులు ఎందుకన్న ప్రశ్నకు అమ్మ చెప్పిన సమాధానం, పట్టు ఉంటుందని, చేదుకు పురుగు రాదని. మా అబ్బాయి అంతటితో ఊరుకోలేదు. నానిన మెంతుల జిగట గాలక్టోమన్నన్ అనే పదార్థమని, గోరుచిక్కుడు గింజల నుంచి తీసే గ్వార్ గమ్ కూడా ఆ జాతిదేనని వెతికి పట్టుకున్నాడు. తరువాత ఫ్రీజరులోంచి ఒక ఐస్‌క్రీం డబ్బా తీసి, దాని మీద పదార్థాల జాబితాలో గ్వార్ గమ్ అన్న మాటను అమ్మమ్మకు చూపించాడు. ఆ డబ్బాలో అప్పుడున్నది చింతపండు. ఆ ఏడాది ఉపాధ్యాయులకు ఇచ్చినవి ఆ బుట్టలే. పైన సుద్దముగ్గులా తెల్లటి చుక్కలు, గీతలు మా అమ్మాయి వేసింది. ఒక ఉపాధ్యాయురాలు అందులో ఉంచిన పెన్సిళ్లకు మెంతుల వాసన పట్టిందని, తరగతిలో పిల్లలందరూ అవే పెన్సిళ్లు అడుగుతున్నారని రాశారు.

సంక్రాంతి బొమ్మల కొలువు దగ్గర ఈ విద్యకు అడ్డూ అదుపూ ఉండదు. ప్రవాసంలో కొలువు మెట్లు అంటే సరుకులు వచ్చిన అట్టపెట్టెలే; కుంగకుండా లోపల పాత పుస్తకాలు నింపి, పైన పంచె పరిస్తే అవి పెట్టెలని ఎవరికీ తెలియదు. విమానంలో ఒక్కొక్క పెట్టె బరువు 23 కిలోలకు మించకూడదు కనుక బొమ్మలన్నీ తెచ్చుకోవడం కుదరదు, తెచ్చినవాటిలో ఒకటి రెండు విరుగుతాయి. మా దశావతారాల్లో కూర్మం అలా పోయింది. పిల్లలు ఆక్రోటు డొప్పను బోర్లించి, మైనంతో తల, కాళ్లు పెట్టి కొత్త కూర్మాన్ని నిలబెట్టారు. చూడవచ్చిన ఒక పెద్దావిడ, దేవుడి బొమ్మను తిని పారేసిన డొప్పతో చేయవచ్చునా అని సందేహపడ్డారు. మా అమ్మాయి మర్యాదగానే, కొండపల్లి బొమ్మలో పొణికి కర్ర ముక్కలను అతికించేది రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపిన ముద్దే కదా అత్తయ్యా అన్నది. ఆవిడ కూర్మాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, వరుసలో మత్స్యం పక్కన సరిగా పెట్టారు.

చిన్నప్పుడు ఉత్సాహంగా చేసిన పిల్లలే పదమూడేళ్లు వచ్చేసరికి పెరుగు డబ్బాలో భోజనం తీసుకువెళ్లడానికి సిగ్గుపడతారు. దాని గురించి వాదించి ప్రయోజనం లేదు. మంచి డబ్బా ఒకటి కొనిస్తే సరిపోతుంది. ఆ వయసు దాటాక పాత బట్టల దుకాణాల్లో తిరగడం వారికే గొప్ప అవుతుంది. మా అమ్మాయి ఇప్పుడు ఆ దశలో ఉంది. పొట్టివైపోయిన జీన్స్ కాళ్లు కత్తిరించి, అడుగు కుట్టి, నడుము పట్టీని భుజానికి తగిలించుకునే పట్టీగా మార్చి సంచులు చేస్తోంది. మామూలు సూది ఆ దళసరి గుడ్డకు ఆగదు. కుట్టుమిషనుకు 16వ నంబరు సూది వేయాలి, నాలుగు మడతలు ఒకచోట కలిసినప్పుడు చక్రాన్ని చేత్తో తిప్పాలి. వెనుక జేబులు అలాగే ఉంచుతుంది, చిల్లర వేసుకోవడానికి.

అలాంటి సంచి ఒకటి నానమ్మకు పంపింది. మా అత్తగారు మొహమాటానికి మెచ్చుకునే మనిషి కారు, ఫోనులో మొదట బాగుందని కూడా అనలేదు. రైతుబజారుకు తీసుకువెళ్లానని, మూడు కిలోల బంగాళాదుంపలకు కుట్టు చెక్కుచెదరలేదని, కాని సొరకాయ నిలువుగా పెడితే సగం బయటే ఉంటోందని, జేబులో చిల్లర కోసం చేయి పెడితే గాజులు తట్టుకుంటున్నాయని వరుసగా చెప్పారు. ఎదురింటి వారికి, కింది వాటాలోని వారికి కూడా కావాలట. మా అమ్మాయి కొలతలు రాసుకుంటూ, “పట్టీ ఎంత పొడుగుండాలి నానమ్మా?” అని అడిగింది. ఇంకో జానెడు పెంచమన్నారు.